పాలిమర్ శాంపిల్స్‌కి అయాన్ ఇంప్లాంటేషన్ సర్వీస్: బీమ్‌కి నాలుగున్నర, రిపోర్ట్‌కి ఒకటిన్నర

రెండు బ్యాచ్‌లు పంపించాక రాస్తున్న రివ్యూ ఇది. మొదటి బ్యాచ్ చూసిన రోజే రాసుంటే తిట్లు తప్ప ఇంకేం ఉండేవి కాదు. సర్వీస్ పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో వాళ్ల తప్పులు ఎన్ని ఉన్నాయో నావీ దాదాపు అన్నే ఉన్నాయి. మనం ప్లాస్టిక్ షీట్లు పంపిస్తే వాటి మీద మనకి కావలసిన అయాన్‌ని (ఛార్జ్ ఉన్న పరమాణువుని) కావలసిన ఎనర్జీతో బీమ్‌గా కొట్టి, తర్వాత ఆప్టికల్ టెస్టులు స్ట్రక్చరల్ టెస్టులు కూడా వాళ్లే చేసి రిపోర్ట్ చేతిలో పెడతారు, అదీ ప్యాకేజీ. వినడానికి చాలా సుఖంగా ఉంటుంది.

నేను పంపింది మూడు రకాలు. యాక్రిలిక్ (పీఎంఎంఏ) 1 మిల్లీమీటర్ షీట్, పాలీకార్బనేట్ 250 మైక్రాన్ల షీట్, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) ఫిల్మ్ 100 మైక్రాన్లు. అయాన్ నైట్రోజన్, ఎనర్జీ 100 కేఈవీ (లక్ష ఎలక్ట్రాన్ వోల్ట్‌లు), డోస్ చదరపు సెంటీమీటర్‌కి 10¹⁴, 10¹⁵, 10¹⁶ అయాన్లు, ఇలా మూడు మెట్లు. నా ఉద్దేశం ఏంటంటే పై పొర వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) కొంచెం పెంచి, అందులో కాంతి ఇరుక్కుని ప్రయాణం చేసేలా ఒక వేవ్‌గైడ్ లాంటిది చేద్దామని. ఇది కొత్త ఆలోచనేం కాదు, యాక్రిలిక్‌లో ఇలా చేయొచ్చని ఎప్పుడో తేలింది, నేను చేతులారా చేసి చూద్దామనుకున్నా, అంతే.

కొత్తవాళ్ల కోసం ఒక లెక్క చెప్పి ముందుకెళ్తా, ఇది తెలియకపోతే నా కంప్లైంట్లు ఏవీ అర్థం కావు. 100 కేఈవీ నైట్రోజన్ ఇలాంటి పాలిమర్లలో సుమారు 0.3 మైక్రాన్ లోతు వెళ్లి ఆగిపోతుంది (స్రిమ్ అని ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, ఎవరైనా రెండు నిమిషాల్లో వేసి చూసుకోవచ్చు). అంటే 250 మైక్రాన్ల పాలీకార్బనేట్‌లో మారేది పైన 0.3 మైక్రాన్, మిగతా 249.7 మైక్రాన్లకి తన నెత్తి మీద ఏం జరిగిందో కూడా తెలీదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, రివ్యూ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక ఆ 0.3 మైక్రాన్‌లో ఏం జరుగుతుందంటే, లక్ష ఎలక్ట్రాన్ వోల్ట్‌లు 300 నానోమీటర్లలో ఖర్చయిపోవాలి, అంటే సగటున నానోమీటర్‌కి 330 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల చొప్పున పోతుంది. కార్బన్-కార్బన్ బంధం తెంచడానికి కావలసింది నాలుగు కంటే తక్కువ. 10¹⁴ డోస్ అంటే చదరపు నానోమీటర్‌కి ఒక అయాన్ అన్నమాట, 10¹⁵ అంటే పది, 10¹⁶ అంటే వంద. ఘన నానోమీటర్‌లో ఉండే పరమాణువులు దాదాపు వంద. ఇప్పుడు గుణించి భాగించి చూడండి, 10¹⁴ దగ్గర ఒక్కో పరమాణువు వాటాకి మూడు ఎలక్ట్రాన్ వోల్ట్‌లు వస్తాయి, అంటే రమారమి ఒక బంధం ఖరీదు, 10¹⁵ దగ్గర ముప్పై, 10¹⁶ దగ్గర మూడు వందలు. అందులో చాలా భాగం వేడిగా పోతుంది, అయినా సరే మూడు వందల తర్వాత అక్కడ మిగిలేదాన్ని పాలిమర్ అని పిలవడం మొహమాటానికే.

ఇంకో సంగతి, చాలామంది నన్ను అడిగేది, నైట్రోజన్ పెట్టాం కాబట్టి నైట్రోజన్ వల్ల గుణాలు మారాయా అని. కాదు. 10¹⁶ దగ్గర కూడా ఆ పొరలో చేరిన నైట్రోజన్ సగటున అర శాతం దాటదు. సిలికాన్‌లో అయితే చిటికెడు బోరాన్ వేస్తే కథ మారిపోతుంది, ఈ మెషీన్లు పెరిగిందే ఆ పని కోసం, ట్రాన్సిస్టర్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన షాక్లీకి 1957లో పేటెంట్ వచ్చింది కూడా సెమీకండక్టర్ల మీదే. పాలిమర్‌లో మాత్రం వచ్చిన అతిథి కంటే అతను తలుపు బద్దలుకొట్టిన తీరే ముఖ్యం. హైడ్రోజన్ వాయువుగా పారిపోతుంది, ఆక్సిజన్ ఉన్న చోట కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ కూడా పోతాయి, మిగిలిన కార్బన్లు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కడతాయి, రంగు మారడం, బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి కావలసిన కనీస ఎనర్జీ) తగ్గడం, కరెంట్ కాస్త పారడం, గట్టిపడడం అన్నీ ఆ గుంపుల పుణ్యమే. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు 1980ల మొదట్లోనే ఆర్గానిక్ ఫిల్ములు అయాన్లతో కొడితే కరెంట్ పారడం చూపించారు, 90ల్లో అక్కడి ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో మామూలు ప్లాస్టిక్ ఉపరితలాన్ని ఉక్కు కంటే గట్టిగా చేసి చూపించారు.

సరే, ఇప్పుడు సర్వీస్ సంగతి.

మొదటి బ్యాచ్ పార్సిల్ విప్పేసరికి పెట్ ఫిల్మ్ పాత క్యాలెండర్ కాగితంలా చుట్టుకుపోయి ఉంది. యాక్రిలిక్ మీద 10¹⁶ ముక్క చూస్తే ఉపరితలం నిండా సన్నటి బొబ్బలు, వేలితో తడిమితే గరుగ్గా తగులుతున్నాయి. పాలీకార్బనేట్ మాత్రం నిక్షేపంలా ఉంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడగానే అర్థమైపోయింది, వేడి. పెట్ గ్లాస్ ట్రాన్సిషన్ (మెత్తబడడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 75 డిగ్రీల చుట్టూ, యాక్రిలిక్‌ది 105 చుట్టూ, పాలీకార్బనేట్‌ది దాదాపు 150. పైగా పెట్ ఫిల్మ్‌ని తయారీలోనే రెండు వైపులా లాగి పెట్టి ఉంటారు కాబట్టి వేడెక్కగానే ముడుచుకుంటుంది. ఎవరు ముందు పడిపోవాలో ఆ వరసలోనే పడ్డారు.

ఫోన్ చేశా. ఆపరేటర్ మంచాయన, దాచలేదు.

"బీమ్ కరెంట్ ఎంత పెట్టారండీ?"

"చదరపు సెంటీమీటర్‌కి ఐదు మైక్రో ఆంప్ అండీ. మీ డోస్ ఎక్కువ కదా, తొందరగా అయిపోద్దని."

ఐదు మైక్రో ఆంప్ అంటే 100 కేఈవీ దగ్గర చదరపు సెంటీమీటర్‌కి అర వాట్. అర వాటే కదా అనుకోవద్దు, అది వాక్యూమ్, చుట్టూ గాలి లేదు వేడి తీసుకుపోడానికి, వెనక ప్లాస్టిక్ వేడిని కదలనివ్వదు, అన్నీ కలిసి ఆ పైపొరని ఉడకబెట్టేస్తాయి. ఐదు మైక్రో ఆంప్‌తో 10¹⁶ డోస్ ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో అయిపోతుంది, అర మైక్రో ఆంప్ పెడితే దాదాపు యాభై మూడు నిమిషాలు పడుతుంది. సిలికాన్ వేఫర్లకి అలవాటు పడ్డ చేతికి యాభై మూడు నిమిషాలు దండగ అనిపిస్తుంది, నేను అర్థం చేసుకోగలను, కానీ ఫారంలో మెటీరియల్ దగ్గర "పాలిమర్" అని పెద్దక్షరాలతో రాసి పంపాను కదా. ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి, ఆ ఫారంలోనే కరెంట్ డెన్సిటీ అని ఒక గడి ఉంది, నేను దాన్ని ఖాళీగా వదిలేశా. ఖాళీగా వదిలితే వాళ్ల ఇష్టం. మీరు మాత్రం వదలొద్దు, అర మైక్రో ఆంప్ లోపే అని రాయండి, ఎక్కువలో ఎక్కువ ఒకటి.

రెండో బ్యాచ్ వాళ్లే మళ్లీ చేసి పంపారు, వాదన పెట్టుకోలేదు, దానికి మార్కులు వేయాలి. ఈసారి షీట్లని ముందే ఆరబెట్టి పంపా (యాక్రిలిక్, పాలీకార్బనేట్ రెండూ గాలిలో తేమ పీల్చుకుంటాయి, ఆ తేమ ఛాంబర్‌లోకి వెళ్లాక బయటికొస్తే వాక్యూమ్ దిగడానికి పంపు ఆపసోపాలు పడుతుంది). ఛార్జింగ్ సమస్య కూడా బాగానే చూసుకున్నారు. ప్లాస్టిక్ ఇన్సులేటర్ కాబట్టి పాజిటివ్ అయాన్లు వచ్చి కూర్చుంటే ఉపరితలం ఛార్జ్ అయిపోయి వెనకొచ్చే అయాన్లని తోసేస్తుంది, ఒక్కోసారి చిన్న మెరుపులా డిశ్చార్జ్ అయ్యి చెట్టుకొమ్మల్లాంటి గీతలు పడతాయి, అలాంటి గీత నాకు ఒక్కటి కూడా కనపడలేదు. ఎలక్ట్రాన్లు చల్లి ఆ ఛార్జ్ తీర్చే ఎలక్ట్రాన్ ఫ్లడ్ గన్ వాడాం, పైన మెటల్ ఫ్రేమ్ పెట్టాం అన్నారు. డోస్ ఫారడే కప్‌తో (బీమ్ కరెంట్‌ని పట్టి కొలిచే గిన్నె) కొలిచారు.

రంగు చూడాలి అసలు. నాలుగు పాలీకార్బనేట్ ముక్కలు (ఒకటి ఏమీ కొట్టనిది) తెల్ల కాగితం మీద వరసగా పెట్టా. 10¹⁴ ముక్క పక్కన మామూలు ముక్క లేకపోతే పసుపు పచ్చబడిందని గుర్తుపట్టడం కూడా కష్టమే. 10¹⁵ ఎండుటాకు రంగు. 10¹⁶ ముదురు గోధుమ, దాన్ని ట్యూబ్ లైట్ కింద ఏటవాలుగా తిప్పితే లోహంలాంటి మెరుపొకటి జారుకుంటూ పోతుంది, అది ప్లాస్టిక్ అని చెప్తే ఎవరూ నమ్మరు. మా జూనియర్ ఒకడు దాన్ని చేతిలోకి తీసుకుని "అన్నా, దీనికి కోటింగ్ ఏం వేశారు" అన్నాడు. కోటింగ్ కాదురా, ఇది లోపలున్నదే, పైపొరే బొగ్గయింది అంటే వాడు గోరుతో గీకి చూశాడు. ఊడి రాలేదు. కోటింగ్‌కీ దీనికీ తేడా అదే, అతికించిన గీత అంటూ ఎక్కడా ఉండదు, పై నుంచి కిందకి నెమ్మదిగా మారుతూ పోతుంది.

రంగు ముక్కంతా ఒకేలా పరుచుకుంది, బీమ్‌ని రాస్టర్ చేయడం (వరసలు వరసలుగా అంతటా తిప్పడం) బాగా తెలుసు వాళ్లకి. ఒక్కటే లోపం, ప్రతి ముక్కకీ ఒక మూల క్లిప్ పెట్టిన చోట నీడ పడి, అక్కడ చిన్న ముక్కోణం తెల్లగా మిగిలిపోయింది. ఇదేంటి ఇంత కట్టించుకుని మూల వదిలేశారని ఆ రోజే మెయిల్ పెట్టా, కాస్త ఘాటుగానే పెట్టా. ఈ మూల సంగతి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు రిపోర్ట్. ముప్పై పేజీల పైన, రంగు రంగుల గ్రాఫులు, చూడ్డానికి పెళ్లి ఆల్బమ్‌లా ఉంది. మొదట యూవీ-విజిబుల్, అంటే ఏ తరంగదైర్ఘ్యం కాంతిని ఎంత మింగుతుందో చూసే టెస్ట్. గ్రాఫ్ నిజాయితీగానే ఉంది, మామూలు పాలీకార్బనేట్ 300 నానోమీటర్ల లోపు అంతా మింగేసి ఆ పైన పారదర్శకం, డోస్ పెరిగే కొద్దీ ఆ అంచు ఎర్రరంగు వైపు జరుగుతూ వచ్చింది, అంచు నిటారుగా ఉన్నది కాస్తా ఏటవాలుగా సాగిపోయింది. ఆ సాగుడుని అర్బాక్ ఎనర్జీ అంటారు, అది పెరిగితే లోపల అస్తవ్యస్తం పెరిగిందని. అంతవరకు ఓకే.

ఆ కింద శోషణ గుణకం (కాంతిని ఎంత గట్టిగా మింగుతుందో చెప్పే అంకె) టేబుల్ ఇచ్చారు. అంకెలు మరీ చిన్నగా అనిపించి ఎలా లెక్కేశారా అని చూస్తే, అబ్సార్బెన్స్‌ని 2.303తో గుణించి మందంతో భాగించారు, ఫార్ములా కరెక్టే, మందం మాత్రం 250 మైక్రాన్లు వేశారు. మారింది 0.3 మైక్రాన్ కదండీ. ఎనిమిది వందల రెట్లకు పైగా తేడా. గోరంత పొర చేసిన పనిని మొత్తం షీటుకి పంచిపెట్టేసి, దీని శోషణ చాలా తక్కువ అని రాసేస్తే ఎలా? మామూలు షీట్ అబ్సార్బెన్స్ ముందు తీసేసి, మిగిలినదాన్ని 0.3తో భాగించాలి, అప్పుడు వచ్చే అంకె చూస్తే ఆ పొర నిజంగా ఎంత నల్లగా ఉందో తెలుస్తుంది.

ఇందులో ఒక తమాషా ఏంటంటే, టాక్ ప్లాట్ (శోషణ నుంచి గ్యాప్ తీసే గ్రాఫ్) గీసి బ్యాండ్ గ్యాప్ తీస్తే ఈ మందం తప్పు దాంట్లో కనపడదు. గుణకం మొత్తం ఒకే అంకెతో తగ్గితే గీత వాలు మారుతుంది గానీ అది అడ్డగీతని తాకే చోటు మారదు. అందుకే ఇలాంటి తప్పు ఏళ్ల తరబడి రిపోర్టుల్లో హాయిగా బతికేస్తుందని నా అనుమానం. గ్యాప్ సరిగానే వస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. కానీ కింద ఉన్న మామూలు షీట్ శోషణ తీసేయకపోతే ఆ గ్యాప్ కూడా కలగాపులగమే, ఎందుకంటే 4 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల పైన (అంటే దాదాపు 310 నానోమీటర్ల లోపు) మీరు చూసేదంతా కింది 249.7 మైక్రాన్లదే.

ఆ తర్వాతి పేజీ చదివి మాత్రం నవ్వొచ్చింది. కార్బన్ గుంపులో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కేసే ఫార్ములా ఒకటుంది, రాబర్ట్‌సన్, ఓరైలీ వాళ్ల పని మీద వచ్చింది, 34.3ని బ్యాండ్ గ్యాప్‌తో భాగించి వర్గం చేయడం. అది అమార్ఫస్ (పరమాణువులకి వరస లేని) కార్బన్ కోసం వచ్చిన లెక్క. వీళ్లు దాన్ని అసలు బీమే తగలని పాలీకార్బనేట్‌కి కూడా వేశారు, గ్యాప్ 4.2 పెడితే 67 వచ్చింది, "మామూలు శాంపిల్‌లో క్లస్టర్ సైజ్ 67" అని టేబుల్‌లో రాసేశారు. పాలీకార్బనేట్ గొలుసులో ఉన్న బెంజీన్ వలయంలో కార్బన్లు ఆరు. ఆరు ఎక్కడ, అరవై ఏడు ఎక్కడ! కొట్టని శాంపిల్‌కే ఇంత తేడా వస్తే, కొట్టిన శాంపిల్‌కి వచ్చిన అంకెని ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించుకోండి. డోస్ పెరిగితే గుంపులు పెరుగుతాయా అంటే పెరుగుతాయి, ఆ దిశ వరకు నేనూ ఒప్పుకుంటా, ఆ అంకెని మాత్రం పేపర్లో పెట్టను.

ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో బంధాల్ని గుర్తుపట్టే టెస్ట్) సంగతి ఇంకా దారుణం. ట్రాన్స్‌మిషన్‌లో, అంటే కాంతిని షీట్‌లోంచి దాటించి, తీశారు, 250 మైక్రాన్ల పాలీకార్బనేట్‌లోంచి 1770 సెం.మీ⁻¹ దగ్గర కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ జంట) పీక్ చూడబోతే ఏముంటుంది, అక్కడ కాంతే బయటికి రాదు, గ్రాఫ్ నేలకి అంటుకుపోయి ఉంది. నేలకి అంటుకున్న నాలుగు గ్రాఫులు పక్కపక్కన పెట్టి "పీక్ తీవ్రతలో స్వల్ప తగ్గుదల" అని రాశారు. ఏటీఆర్‌లో (క్రిస్టల్‌ని ఆనించి ఉపరితలం మాత్రమే చూసే పద్ధతి) తీయాలి, అందులోనూ జెర్మేనియం క్రిస్టల్ అయితే ఆ తరంగదైర్ఘ్యం దగ్గర అర మైక్రాన్ లోపే తొంగిచూస్తుంది, డైమండ్ అయితే మైక్రాన్ దాటిపోతుంది. నేను మా దగ్గర జెర్మేనియంతో తీశా. 10¹⁵ దగ్గరే ఆ కార్బొనిల్ బాగా కుంగిపోయి ఉంది, స్వల్పం కాదు ఏం కాదు. పాలీకార్బనేట్‌లో మొదట తెగేది ఆ కార్బనేట్ ముడే, అది కార్బన్ మోనాక్సైడ్‌గా, డయాక్సైడ్‌గా లేచిపోతుంది.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో స్ఫటికాల్ని చూసే టెస్ట్) గురించి రెండు ముక్కలే రాస్తా, అంతకంటే దానికి అర్హత లేదు. పాలీకార్బనేట్, యాక్రిలిక్ రెండూ స్ఫటికాలు లేనివి, వాటికి వచ్చేది ఒక వెడల్పాటి గుట్ట. ఆ గుట్టకి షెరర్ ఫార్ములా (పీక్ వెడల్పు నుంచి స్ఫటికం సైజు తీసేది) వేసి స్ఫటికం సైజు ఇచ్చారు! పెట్‌కి మాత్రం నిజంగానే స్ఫటికాలుంటాయి, 26 డిగ్రీల దగ్గర చక్కటి పీక్ ఉంటుంది, కానీ మామూలు పద్ధతిలో ఎక్స్-రే 100 మైక్రాన్ల ఫిల్మ్‌ని ఆరపారా చూసేస్తుంది, అందులో 0.3 మైక్రాన్ ఏమైతే దానికేం పట్టింది. గ్రేజింగ్ ఇన్సిడెన్స్ అని బీమ్‌ని ఉపరితలానికి దాదాపు ఆనించి పంపే పద్ధతి ఉంది, చేస్తే అలా చేయాలి లేదంటే ఆ పేజీ వదిలేయాలి.

ఇన్ని తప్పులు తెలివితక్కువతనం వల్ల కావని నాకు తర్వాత తట్టింది. వీళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చే శాంపిల్స్ వేరే రకం, వంద ఎంఈవీ (నాదానికి వెయ్యి రెట్లు) లాంటి ఎనర్జీతో భారీ అయాన్లు కొట్టిన సన్నటి ఫిల్ములు. అక్కడ అయాన్ ఫిల్మ్‌ని ఈ వైపు నుంచి ఆ వైపుకి చీల్చుకుని బయటికి పోతుంది, దారి పొడవునా ట్రాక్ వదులుతుంది, ఆ ట్రాకుల్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో తొలిస్తే ఫిల్టర్ మెంబ్రేన్లు అవుతాయి. అలాంటి ఫిల్ముకి మొత్తం మందం వేయడం కరెక్ట్, ట్రాన్స్‌మిషన్ ఎఫ్‌టీఐఆర్ కరెక్ట్, మామూలు ఎక్స్‌ఆర్‌డీ కూడా కరెక్టే. ఆ టెంప్లేట్‌లో నా శాంపిల్స్ పెట్టి ప్రింట్ కొట్టేశారు. పులి చారలు చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అయింది.

రామన్ (లేజర్ చెదిరిన తీరుతో బంధాల్ని చూసే టెస్ట్) ఒక్కటి బాగా తీశారు. చిన్న డోస్ ముక్కల్లో ఫ్లోరసెన్స్ పొంగి పీకులన్నీ మునిగిపోయాయి, వాళ్లు దాన్ని దాచకుండా అలాగే చూపించారు. 10¹⁶ దగ్గర ఆ పొంగు దిగిపోయి, 1550 సెం.మీ⁻¹ చుట్టూ ఒక వెడల్పాటి గుట్ట, దాని ఎడమ భుజం మీద 1350 దగ్గర చిన్న ఉబ్బు తేలాయి, అది హైడ్రోజన్ మిగిలున్న అమార్ఫస్ కార్బన్ ముఖం. దీన్ని గ్రాఫైట్ అనీ గ్రాఫీన్ అనీ అనకుండా అమార్ఫస్ అనే రాశారు, అందుకు అదనంగా అర మార్కు.

ఇక ఆ మూల సంగతి. వక్రీభవన గుణకం ఎలా పెరుగుతుందో చూడాలంటే పొర ఎంత కుంగిందో తెలియాలి, ఎందుకంటే వాయువులు పోయి పొర దగ్గరపడడమే గుణకం పెరగడానికి ఒక ముఖ్య కారణం. కుంగింది కొలవాలంటే కుంగని చోటు పక్కనే ఉండాలి. నా దగ్గర వేరే మామూలు ముక్క ఉంది గానీ దాన్నీ దీన్నీ పక్కన పెట్టి నానోమీటర్లు కొలవలేం కదా. ఒక రాత్రి ఏఎఫ్‌ఎం (సన్నటి సూదితో ఉపరితలం ఎత్తుపల్లాలు కొలిచే మైక్రోస్కోప్) దగ్గర కూర్చుని ఏం చేయాలా అని ముక్కని అటూ ఇటూ తిప్పుతుంటే ఆ తెల్ల ముక్కోణం కనపడింది, నేను ఘాటుగా మెయిల్ పెట్టిన అదే మూల. సూదిని ఆ అంచు మీదుగా నడిపితే తెల్లటి వైపు గట్టు, గోధుమ వైపు పల్లం, మధ్యలో మెట్టు చక్కగా పడింది. యాక్రిలిక్‌లో మెట్టు పాలీకార్బనేట్ కంటే లోతు, అది సహజమే, యాక్రిలిక్ చిన్న డోసులోనే గొలుసులు తెగిపోయే రకం, అందుకేగా దాన్ని లితోగ్రఫీలో (చిప్‌ల మీద నమూనాలు గీసే పని) రెసిస్ట్ పూతగా వాడేది. డోస్ ఇంకా పెరిగితే అదే యాక్రిలిక్ తిరగబడి అల్లుకుపోయి సాల్వెంట్‌లో కూడా కరగకుండా మొండికేస్తుంది.

గుణకం పెరిగింది. కానీ నా వేవ్‌గైడ్ పనిచేయలేదు, ఇది పూర్తిగా నా లెక్క తప్పు, సర్వీస్ మీద తోయను. యాక్రిలిక్ గుణకం 1.49, అది 1.51 అయిందనుకుందాం, పైన గాలి, కింద మామూలు యాక్రిలిక్, అలాంటప్పుడు ఎర్ర లేజర్ కాంతి అందులో నిలవాలంటే పొర కనీసం 0.55 మైక్రాన్ మందం ఉండాలి. నా పొర 0.3. గుణకం 1.54 దాకా తీసుకెళ్తే 0.32 చాలు, అంటే అంచు దాకా వచ్చి ఆగినట్టు, పైగా అంత పెంచాలంటే డోస్ పెంచాలి, డోస్ పెంచితే రంగొచ్చి కాంతిని అదే మింగేస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. నైట్రోజన్ బదులు హీలియం అడిగి ఉండాల్సింది, అదే ఎనర్జీతో అది చాలా లోతుకి పోతుంది, దారిలో ఎక్కువగా ఎలక్ట్రాన్లకే ఎనర్జీ ఇచ్చుకుంటూ పోతుంది కాబట్టి కేంద్రకాల్ని గుద్దే రగడ తక్కువ. ఆర్డర్ పెట్టే ముందు పావుగంట కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసేది.

ప్యాకింగ్ గురించి చెప్పడం మర్చిపోయా. జిప్ కవర్లో వేసి పంపారు, నైట్రోజన్ నింపలేదు ఏం లేదు. తెగిన బంధాలన్నీ ఛాంబర్లోనే సర్దుకోవు, చాలా ఫ్రీ రాడికల్స్ గాలి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి, బయటికి రాగానే ఆక్సిజన్‌ని పట్టుకుని కొత్త కార్బొనిల్, హైడ్రాక్సిల్ గుంపులు చేసుకుంటాయి. నా 10¹⁴ ముక్క పసుపు మూడు వారాల్లో కంటికి తెలిసేంత వెలిసింది, 10¹⁶ ముక్క మాత్రం చెక్కు చెదర్లేదు. రిపోర్ట్‌లో ఏ టెస్ట్ ఏ తేదీన చేశారో ఎక్కడా లేదు, ఇంప్లాంట్ అయిన రోజు తీసిన స్పెక్ట్రమ్‌కీ నెల తర్వాత తీసినదానికీ పోలిక పెడితే దేన్ని దేంతో పోలుస్తున్నామో దేవుడికే తెలియాలి. తేదీలు అడగండి.

మార్కులు ముందే పైన వేసేశా. బీమ్ పని, డోస్, సమానంగా పరచడం, తప్పు జరిగితే మళ్లీ చేసివ్వడం, వీటికి 5కి నాలుగున్నర. రిపోర్ట్‌కి ఒకటిన్నర, అందులో ఒకటి రామన్‌ది. మీ దగ్గర సొంత స్పెక్ట్రోమీటర్లు ఉంటే ఇంప్లాంట్ ఒక్కటే చేయించుకుని ముక్కలు తెప్పించుకోండి, ప్యాకేజీ జోలికి పోవద్దు. ఏమీ లేనివాళ్లు ప్యాకేజీ తీసుకున్నా గ్రాఫుల డేటా ఫైళ్లు అడిగి తీసుకోండి, టేబుళ్లు వదిలేయండి. ఏదైనా సరే, బీమ్ తగలని ముక్క ఒకటి కూడా అదే ఛాంబర్లో, అదే వాక్యూమ్‌లో పెట్టి తీయమని చెప్పండి, ఇంట్లో డ్రాయర్లో ఉన్న ముక్కతో పోల్చొద్దు.

మూడో బ్యాచ్ నిన్ననే పంపా, హీలియంతో. ఈసారి ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు, కరెంట్ దగ్గర "అర మైక్రో ఆంప్ దాటొద్దు" అని రాసి, కింద ప్రత్యేక సూచనల్లో "ప్రతి ముక్కకీ ఒక మూల క్లిప్‌తో తప్పకుండా కప్పి ఉంచాలి" అని గీత కూడా గీసి పెట్టా. పొద్దున ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"అంతా చూశానండీ, ఒక్క డౌటు. ఈ మూల కప్పమన్నది... మొన్న దీని గురించే కదండీ మా మేనేజర్‌కి కూడా కాపీ పెట్టి కంప్లైంట్ చేశారు?"